అన్నవరం మెట్ల మీద అరటిపండు

షూటింగ్ కబుర్లు మోసుకొస్తానని వెళ్ళినవాణ్ణి, కోతుల గురించీ పిల్లుల గురించీ రాసి పంపుతున్నాను. నవ్వుతారేమో, నవ్వండి. తప్పు నాది కాదు. అంటే... కొంత నాదే. ఎంతో మీరే చదివి తేల్చండి.

సంగతి ఇదీ. అన్నవరం కొండ మీద ఓ కొత్త సినిమాకి పెళ్ళివారి సీను తీస్తున్నారని కబురొచ్చింది. మన సినిమాల్లో పెళ్ళి కాగానే సత్యనారాయణ వ్రతం, పీటల మీద హీరోయిన్ ఓరచూపు, ఆనక ఓ డ్యూయెట్టు... ఇవి లేకపోతే టిక్కెట్టు డబ్బులు గిట్టినట్టుండదు కదా! అందులోనూ అసలైన అన్నవరంలోనే తీస్తున్నారంటే రాయడానికి బోలెడు సరుకు. రాత్రి రైలెక్కి, ఆదివారం తెల్లారగట్ల అన్నవరం స్టేషన్లో దిగాను. ఫోన్ చేస్తే ప్రొడక్షన్ కుర్రాడు, "షెడ్యూలు మారిపోయింది గురువుగారూ, మీకు ముందే చెబుదామనుకున్నాం" అన్నాడు. వాళ్ళెప్పుడూ ముందే చెబుదామనుకుంటారు.

సరే, దిగనే దిగాను, స్వామి దర్శనమైనా చేసుకుందామని కొండవేపు నడిచాను.

అన్నవరం గురించి మీకు చెప్పాలా! 1964లో ఎన్.టి.ఆర్. వేసిన 'శ్రీ సత్యనారాయణ మహాత్మ్యం' మీ అమ్మమ్మలు చూసే ఉంటారు. 2006 డిసెంబర్లో పవన్ కళ్యాణ్ 'అన్నవరం' మీరు చూసే ఉంటారు. అందులో అన్నవరం ఊరు కాదు, హీరోగారి పేరు! అసలు ఊరేమో హౌరా, మద్రాసు రైలు దారిలో తునికి కూతవేటు దూరాన, పంపా నది పక్కన రత్నగిరి పాదాల దగ్గర ఒదిగి ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి కాకినాడ జిల్లా అన్నారు గానీ మా నోటికి ఇంకా తూర్పుగోదావరే వస్తుంది. మేరు పర్వతానికి ఇద్దరు కొడుకులనీ, భద్రుడు భద్రాచలమయ్యాడనీ, రత్నాకరుడు ఈ రత్నగిరి అయ్యాడనీ కథ. కొండ మీద గుడి 1891లో వెలిసింది. 1933-34లో మళ్ళీ కట్టారు. నాలుగు చక్రాల రథంలా ఉంటుంది. కొండకి బస్సులున్నాయి, ఘాట్ రోడ్డుంది. నేను మాత్రం తొలిపావంచా దగ్గర దండం పెట్టుకుని మెట్లెక్కాను. బస్సు టిక్కెట్టు మిగులుతుందని కాదు, ఒళ్ళు తగ్గుతుందని. (టిక్కెట్టు కూడా మిగులుతుంది.)

సగం మెట్లెక్కేసరికి ఆయాసం. కూర్చున్నాను. సంచీలో రెండు అరటిపళ్ళున్నాయి. గోడ మీద ఒక కోతి కూర్చుని నా వంకే చూస్తోంది. చూపు చూస్తే మన కేరెక్టర్ ఆర్టిస్టులెవరూ పనికిరారు, అంత జాలిగా ఉంది. పండు తీసి అందించాను. మర్యాదగా పుచ్చుకుంది. సెల్ఫోన్ తీసి ఫోటో కూడా కొట్టాను. ఆంజనేయస్వామికి పెట్టినంత పుణ్యమని మనసులో ఓ మూల లెక్క కూడా వేసుకున్నాననుకోండి.

మరుక్షణం ఎక్కణ్ణించి దిగాయో గాని ఏడెనిమిది కోతులు! రెండో పండు తీసేలోపు సంచీయే పోయింది. దాంతో ఊరుకున్నాయా? సరిగ్గా అప్పుడే మెట్లెక్కి వస్తున్నారు ఒక పెద్దాయనా, ఆయన వెనక అయిదారుగురు పిల్లలూ. ముందున్న పిల్లకి పన్నెండేళ్ళుంటాయి. చేతిలో ఏదో నోటుబుక్కు. అందులో తినేదేమైనా ఉందనుకుందో ఏమో, ఒక గండుకోతి ఎగిరి పుస్తకం లాగింది. పిల్ల వదల్లేదు. కోతి గోళ్ళు మోచేతి మీద మూడు గీతలు గీశాయి. సన్నగా రక్తం.

నేను బొమ్మలా నిలబడిపోయాను. పెద్దాయన మాత్రం కంగారు పడలేదు. పిల్లల్ని గోడవేపు జరిపి, కోతి కళ్ళలోకి చూడొద్దని చెప్పి, మెల్లిగా కిందకి దింపుకుపోయారు. కుళాయి దగ్గర ఆగి, కొట్లో సబ్బు కొని, వాచీ చూసుకుంటూ పావుగంటసేపు ఆ గాయం కడిగారు. "పసుపు రాయకూడదు, కట్టు కట్టకూడదు, పారే నీళ్ళలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, ఆ తరవాత తిన్నగా ఆసుపత్రికి" అన్నారు నా వంక చూడకుండానే. ఆటో నేను పిలిచాను. డబ్బులు నేనిస్తానంటే ఆయన ఇవ్వనివ్వలేదు. ఆసుపత్రిలో కుక్క కరిస్తే ఇచ్చే ఇంజెక్షనే ఇచ్చారు. ఈవేళొకటి, మళ్ళీ మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. గోటి గీతకి ఇన్నా అంటే, రేబిస్ వచ్చాక మందు లేదు, రాకముందే ఉంది అన్నారు డాక్టరుగారు. అంతకన్నా ఏం చెప్పాలి!

బయటికొచ్చాక, "పండు పెట్టింది నేనేనండీ" అని ఒప్పేసుకున్నాను.

"తెలుసండీ. మెట్ల మీద తొక్క చూశాను" అన్నారాయన.

ఆయన రిటైరైన జువాలజీ మాస్టారు. ఆ పిల్ల మనవరాలు. ప్రతి ఆదివారం ఊళ్ళో పిల్లల్ని పోగేసి కొండ చుట్టూ, పంపా గట్టు మీదా తిప్పి తీసుకొస్తారు. టిక్కెట్టు లేదు, ఫీజు లేదు. ఒకటే షరతు: ఫోటోలు తీయకూడదు, బొమ్మ వేయాలి. ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక తెల్లకాగితాల పుస్తకం, ఒక పెన్సిలు. "ఫోటో అయితే క్షణంలో తీసి జేబులో పడేస్తారండీ. బొమ్మ వెయ్యాలంటే తోక ఎంత పొడుగో చూడాలి, కాలికి ఎన్ని వేళ్ళో చూడాలి. చూడకపోతే గియ్యలేరు" అన్నారు. నేనింతకాలం హీరోయిన్ల ఇంటర్వ్యూలు రాశాను గానీ ఎవరి చేతికి ఎన్ని గాజులున్నాయో ఒక్కనాడూ చూడలేదని అప్పుడు తట్టింది.

ఇంజెక్షన్ పొడిపించుకున్న పిల్ల, "తాతా, ఇంకా బొమ్మ వెయ్యలేదు, ఇంటికి రాను" అని పేచీ పెట్టింది. దాంతో మధ్యాహ్నం ఎండ తగ్గాక ఆ పటాలం మళ్ళీ బయల్దేరింది. అపరాధిలాగా నేనూ వెనకే నడిచాను.

మీరు గనక అన్నవరం వెళితే వ్రతం కాగానే బస్సెక్కేయకండి. పంపా జలాశయం గట్టు మీదకి ఒక్కసారి వెళ్ళండి. కార్తీకంలో స్వామివారికి తెప్పోత్సవం జరిగేది ఈ పంపాలోనే. ఆ రాత్రి దీపాలు చూడ్డానికి జనం విరగబడతారు. మిగతా రోజుల్లో అక్కడ ఉత్సవం చేసుకునేవి పక్షులే. రెక్కలు రెండూ ఆరబెట్టుకుంటూ నీటికాకి. ఉన్నచోటే గాలిలో రెక్కలాడిస్తూ నిలబడి, దబ్బున నీళ్ళలోకి దూకే నలుపూ తెలుపూ లకుముకి పిట్ట. అరచేతిలో ఇమిడేంత బుడబుంగ. మునిగిందంటే ఎక్కడ తేలుతుందో పందెం కాయొచ్చు. పిల్లలు కాశారు, నేను రెండుసార్లు ఓడిపోయాను. వెనకాల రైలు కూతేసుకుంటూ పోతోంది, హైవే మీద లారీల హోరు, మైకులో వ్రతకథ. ఆ గోలలోనే తెల్లకొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"అడవిలోకి వెళితేనే జంతువులుంటాయని అనుకుంటాం. ఊరు కట్టుకున్నాం గదా అని అవి చిరునామా మార్చుకోవండీ" అన్నారు మాస్టారు. కార్తీక పౌర్ణమినాడు వేలమంది గిరిప్రదక్షిణ చేస్తారు. రత్నగిరినీ సత్యగిరినీ చుట్టి వస్తారు. అదే దారిలో ఈయన ఆదివారం ప్రదక్షిణ. వాళ్ళు స్వామి కోసం, వీళ్ళు కొండ కోసం.

కోతి సంగతి కూడా ఆయన చెబితేనే తెలిసింది. కోతి అంటే కోతే అనుకున్నాను, కాదట! మన వేపు రెండు రకాలు. ఒకటి పొట్టితోకది, మొహమూ వెనకభాగమూ ఎర్రగా ఉంటాయి. రెండోదానికి తోక బారెడు, నడినెత్తిన పాపిడి తీసి టోపీ పెట్టినట్టు జుట్టు. ఉత్తరాది అంతా పొట్టితోక, దక్షిణాది అంతా పొడుగుతోక. ఈ రెంటికీ మధ్య సరిహద్దు రాయి ఏదో తెలుసా? మన గోదావరి! శాస్త్రజ్ఞులు పుస్తకాల్లో గీసుకున్న గీత ఇది. ఐతే ఈ కొన్ని దశాబ్దాల్లో పొట్టితోక గోదావరి దాటేసి కిందకి దిగుతోంది, పొడుగుతోక వెనక్కి తగ్గుతోంది. అంటే మా తూర్పుగోదావరి కోతులు వానరసేనలాగా దక్షిణానికి దండెత్తుతున్నాయన్నమాట. మన సినిమాల్లో ఆంజనేయుడికి బారెడు తోకే పెడతారు. 'సంపూర్ణ రామాయణం'లో ఆర్జా జనార్దనరావుగారిని తలుచుకోండి. ఆ తోకని బట్టి చూస్తే ఆయన గోదావరికి అవతలి ఒడ్డు వాడు.

కోతి పళ్ళు బయటపెడితే నవ్వుతోందనుకుంటాం. అది నవ్వు కాదు, భయమో బెదిరింపో. మనం కళ్ళలోకి కళ్ళు పెట్టి చూస్తే అదీ బెదిరింపే. పండు దొరకగానే నమలదు, బుగ్గల్లో సంచులుంటాయి, వాటిలో కుక్కేసుకుని రెండో పండుకి చెయ్యి చాస్తుంది. నేను జాలిచూపు అనుకున్నది లెక్కచూపు! కొండ మీద రావి, మేడి, నేరేడు ఉన్నాయి. కోతులు ఆ పళ్ళు తిని గింజల్ని ఎక్కడెక్కడో వేస్తేనే కొత్త మొక్క లేస్తుంది. మనం మెట్ల మీదే భోజనం పెట్టేస్తే చెట్టెక్కే పనేముంది వాటికి? ఎవరో నాబోటి పుణ్యాత్ముడు పెడతాడు, వెనకొచ్చే పిల్ల గీరించుకుంటుంది. ఆనక కోతుల బెడద అని అర్జీలు, బోనులు, పట్టుకెళ్ళి ఎక్కడో వదిలేయడాలు. "దండం పెట్టండి, పండు పెట్టకండి" అని మాస్టారి మాట.

మన హాల్లో హీరో రాగానే తెర మీదకి చిల్లర విసిరేవాళ్ళు గుర్తున్నారా? ఆ హీరో తెర దిగొచ్చి మన జేబులో చెయ్యి పెట్టడు గనక సరిపోయింది. కొండమీద హీరో దిగొస్తాడు.

ఆ సాయంత్రం ప్రసాదం కొనుక్కున్నాను. గోధుమనూక, బెల్లం, నెయ్యి, యాలకులు... అన్నవరం ప్రసాదం రుచి ఇంట్లో ఎన్నిసార్లు చేసినా రాదు, ఎందుకో ఆ స్వామికే తెలియాలి. ఆకులో కట్టిచ్చిన పొట్లం. మాస్టారి మనవరాలు ఆ ఆకు విప్పి చూపించింది. అడ్డాకు. ఏజెన్సీ కొండల్లో పెద్ద చెట్లకి చుట్టుకుని పాకే తీగ. గిరిజనులు ఏరి, ఆరబెట్టి, పుల్లలతో కుట్టి సంతకి తెస్తారు. తిన్నాక పారేస్తే మేక తింటుంది, లేకపోతే మట్టిలో కలుస్తుంది. పక్కనే ఎవరో ఆ ఆకుపొట్లాన్ని మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి మోసుకెళ్ళి, తిని, కవరు మెట్ల పక్కన విసిరారు. కోతి ఆ కవరు నాకుతోంది. పిల్ల అది కూడా గీసుకుంది.

రెండో ఇంజెక్షన్ బుధవారం. అది అయ్యేదాకా కదలకూడదని నిశ్చయించుకున్నాను. ఆ రెండ్రోజులూ ఏం చేయను? "ఒకరోజు ఏటికొప్పాక పోండి, ఒకరోజు కోరంగి పోండి" అన్నారు మాస్టారు. అది సలహాయో శిక్షో తేల్చుకోలేకపోయాను.

సోమవారం తుని మీదుగా అడ్డరోడ్డు, అక్కణ్ణించి ఏటికొప్పాక. విశాఖవేపు గంటన్నర ప్రయాణం, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. వరాహనది ఒడ్డున లక్కబొమ్మల ఊరు. మీ చిన్నప్పుడు ఆడుకున్న బొంగరాలు, లక్కపిడతలు తలుచుకోండి. అవే. చరఖా మీద కర్రముక్క గిరగిర తిరుగుతుంటే పనివాడు రంగు కలిపిన లక్కపుల్లని దానికి ఆనిస్తాడు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. పైన మొగలాకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. నేను నోరు తెరుచుకుని ఎంతసేపు చూశానో తెలీదు. నా కళ్ళముందు చెక్కముక్క కుంకుమభరిణె అయిపోయింది.

ఆ మెరుపు ఎక్కణ్ణించి వచ్చింది? లక్క అంటే ఒక పురుగు. చెట్టు కొమ్మల్ని పట్టుకుని రసం పీల్చుకుంటూ తన ఒంటి చుట్టూ కట్టుకునే గూడే లక్క. కర్ర ఏమో అంకుడు. తెల్లగా, మెత్తగా, నారలేకుండా ఉంటుంది. కొమ్మ కొడితే మొదట్నించి మళ్ళీ చిగురిస్తుంది, చిగురించనిస్తేనే. పసుపురంగు పసుపు కొమ్ములోంచి, నీలం నీలిమొక్కలోంచి, నారింజరంగు జాఫ్రా గింజల్లోంచి. మధ్యలో కొంతకాలం రసాయనాల రంగులు వచ్చిపడ్డాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలు కదా! మళ్ళీ ఆకులు, గింజల రంగులకి మళ్ళించడానికి పాటుపడ్డవాళ్ళలో ఈ ఊరి సి.వి. రాజుగారిది పెద్దపేరు. 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 జనవరి 26న ఢిల్లీ పెరేడ్లో మన రాష్ట్రం శకటం ఏటికొప్పాక బొమ్మలదే.

ఇదంతా బాగుంది. కానీ అంకుడు చెట్టు లేకపోతే? లక్కపురుగు కూర్చునే కొమ్మ లేకపోతే? శకటం మీద ఏం పెడతారు? అడిగితే ఆ పనివాడు, "అంకుడు కర్ర కోసం ఇదివరకంటే దూరం పోతున్నామండి" అని మాత్రం అని మళ్ళీ చరఖా తిప్పాడు. నేను రెండు బొమ్మలు కొన్నాను. ఒకటి కోతి. తోక పొట్టిదా పొడుగుదా అని తిప్పి తిప్పి చూస్తుంటే కొట్టాయన నన్ను వింతగా చూశాడు.

మంగళవారం కోరంగి. కత్తిపూడి, పిఠాపురం దాటి కాకినాడ, కాకినాడ నుంచి యానాం రోడ్డు. చొల్లంగి దాటాక అడవి మొదలవుతుంది. రోడ్డు మీంచి చూస్తే గుబురుపొదల్లా ఉంటుంది, ఇదేం అడవి అనిపిస్తుంది. టిక్కెట్టు కొనుక్కుని చెక్కబాట మీద నాలుగడుగులు వేశాక నా నోరు మూతపడింది.

చెట్లన్నీ బురదలో నిలబడి ఉన్నాయి. నిలబడి అనకూడదేమో, కొన్ని ఊతకర్రలు ఆనించుకుని, కొన్ని మేకుల మంచం మీద పడుకుని! మడచెట్టు చుట్టూ నేలలోంచి వందలకొద్దీ మేకులు పైకి లేచి ఉంటాయి. అవి వేళ్ళు. బురదలో గాలి అందదు గనక, ఆటు వేళ నీళ్ళు తగ్గినప్పుడు పైకి ముక్కులు పెట్టి ఊపిరి పీల్చుకుంటాయి. ఉప్పుపొన్న ఇంకా గడుసుది. గింజని కింద పడనివ్వదు, తల్లిచెట్టు మీదే మొలకెత్తించి జానెడు మొక్కని చేసి బురదలోకి బల్లెంలా వదుల్తుంది. ఒక చెయ్యి పెద్దదీ ఒక చెయ్యి చిన్నదీ ఉన్న పీతలు, పెద్దచెయ్యి ఊపుతూ ఆడవాళ్ళని పిలుస్తున్నాయి. మన హీరోలు కాలేజీ గేటు దగ్గర చేసేది అదే. బురద మీద గెంతుతూ పాకే చేపలు. చేపకి నడకేమిటండీ అంటే, ఉంది, నేను చూశాను.

పడవెక్కాను. 1973లో బాపుగారు 'అందాల రాముడు' తీసినప్పుడు లాంచీ ప్రయాణంలోనే సినిమా అంతా నడిపించారు. నాకూ అలాంటి షికారు అనుకున్నాను. పడవాయన పక్క ఊరి జాలరి. ఇంజను ఆపేసి తెడ్డు వేస్తున్నాడు.

"బావురుపిల్లి కనబడుతుందా?" అన్నాను. కోరంగిలో అదే హీరో. ఇంట్లో పిల్లికి రెండింతలుంటుంది, ఒంటినిండా మచ్చలు, నీళ్ళలో దూకి చేపని పట్టే పిల్లి. కాలివేళ్ళ మధ్య కొంచెం పొర కూడా ఉంటుంది. ప్రపంచంలోనే తగ్గిపోతున్న జాతి.

"ఆయ్, కనబడదండి. అది రాత్రిళ్ళు తిరుగుద్దండి" అన్నాడు.

"మరి జనం దేనికి వస్తారు?"

"అది ఉందని తెలిసి వస్తారండి."

ఇదివరకు వలలు పాడుచేస్తుందని తరిమేవాళ్ళట. ఇప్పుడు దాని పేరు చెప్పి పడవకి నాలుగు డబ్బులు వస్తున్నాయి. అంతలో తెడ్డు ఆపి గట్టువేపు వేలు చూపించాడు. బురదలో అడుగులు. గుండ్రంగా, తాజాగా, నీళ్ళదాకా వచ్చి ఆగిపోయినవి. అంతే! హీరో దర్శనం లేదు, అడుగుజాడ మాత్రం ఉంది. ఈల వేద్దామనిపించింది, వెయ్యలేదు. ఫోన్ తీయబోయి, మాస్టారి షరతు గుర్తొచ్చి, జేబులో ఉన్న బిల్లు కాగితం వెనక ఆ అడుగు గీశాను. బిస్కట్టులా వచ్చింది. మళ్ళీ చూశాను. నాలుగు వేళ్ళు, వెనక అరపాదం. గోళ్ళ గుర్తులు కూడా సన్నగా ఉన్నాయి. ఆ గోళ్ళు గియ్యబోతుంటేనే అవి కనిపించాయి.

ఇది 1978లో అభయారణ్యం అయింది. రెండువందల ముప్ఫై అయిదు చదరపు కిలోమీటర్లు. నీటికుక్కలూ నక్కలూ ఉన్నాయి. ఎదురుగా హోప్ ఐలండ్ ఇసుక మీదకి చలికాలంలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. ఇక్కణ్ణించి ఓడలెక్కి బర్మా వెళ్ళినవాళ్ళు ఎంతమందంటే, అక్కడ తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి సముద్రం లేచి వచ్చి ఆ రేవుని ఊడ్చేసింది. ఇలాంటి తుపానుల లెక్కలు తీసిన హెన్రీ పిడింగ్టన్ 1848లో అచ్చేసిన పుస్తకంలోనే 'సైక్లోన్' అనే మాట లోకానికి దొరికింది. 1996 నవంబరు 6 తుపాను మా జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. మడ అడవి వెనకున్న ఊళ్ళకి ఆ రోజు దెబ్బ తక్కువ తగిలిందని పడవాయన చెప్పాడు. "అడవి ముందు నిలబడిందండి, మేం వెనక నిలబడ్డామండి."

తిరిగి వస్తుంటే కాకినాడ ఇళ్ళు కనబడ్డాయి. అడవికీ ఊరికీ మధ్య దూరం ఎంతో తెలుసా? లేదు, అంతే. 2020లో దుమ్ములపేట వేపు మడచెట్లు కొట్టి ఇళ్ళస్థలాలకి నేల చదును చేశారు. ఆ వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఇల్లు లేనివాడికి స్థలం కావాలి, కాదనే నోరు నాకు లేదు, నేనూ అద్దెకొంపలోనే ఉన్నాను. కానీ తుపానుకి ఎదురు నిలబడే చెట్టుని కొట్టి, ఆ చోటే పేదవాడికి ఇల్లివ్వడం ఏ లెక్కో నాకు అంతుబట్టలేదు.

బుధవారం పొద్దున్నే ఆసుపత్రి దగ్గరికి వెళ్ళాను. మనవరాలు అప్పటికే వరసలో కూర్చుని ఉంది. సూది పొడిచినప్పుడు కళ్ళు మూసుకుంది గానీ ఏడవలేదు. లక్కకోతిని ఇచ్చాను. తిప్పి చూసి, "దీనికి తోక పొడుగ్గా ఉంది అంకుల్, ఇది మన ఊరిది కాదు" అంది. నా బిల్లు కాగితం మీద పిల్లి అడుగు చూపిస్తే గోళ్ళు బాగా వేశానని మెచ్చుకుంది. ఆదివారం గీసిన బొమ్మలు చూపించమన్నాను.

పుస్తకం నా చేతిలో పెట్టింది. ఒక మూల చిరిగి ఉంది, కోతి లాగినచోట. రెక్కలారబెట్టుకునే నీటికాకి ఉంది. కవరు నాకుతున్న కోతి ఉంది. చివరి పేజీలో మెట్లున్నాయి, మెట్ల మీద ఏడు కోతులున్నాయి, లెక్కపెట్టాను, అన్నిటికీ తోకలు పొట్టివే. మధ్యలో ఒక మనిషి. చేతిలో అరటిపండు. చారల చొక్కా.

ఆ రోజు నేను వేసుకున్నది చారల చొక్కానే.